గడువు మీది, గుట్ట మాది

ఆన్‌లైన్ కోర్సులో చేరిన ప్రతి విద్యార్థికీ మొదటిరోజే ఒక నియమావళి వస్తుంది. పైన "విద్యార్థుల నుంచి ఆశించేవి" అని ఉంటుంది. రోజూ లాగిన్ కావాలి. స్థిరమైన ఇంటర్నెట్ ఉండాలి. క్లాసు జరిగినంతసేపూ కెమెరా ఆన్‌లో ఉండాలి. నిశ్శబ్దంగా, వెలుతురుగా ఉన్న గదిలో కూర్చోవాలి. అసైన్‌మెంట్ రాత్రి 11:59 లోపు చేరాలి. ఆలస్యమైతే మార్కులు కోస్తారు. నెట్ పోయింది, కరెంటు పోయింది అంటే చెల్లదు. అన్నిటికంటే కింద ఒక చిన్న గడి ఉంటుంది: "చదివాను, అంగీకరిస్తున్నాను." ఆ గడిలో టిక్ పెడితేనే పాఠం తెరుచుకుంటుంది.

దీన్ని అంగీకారం అనడానికి మేం ఒప్పుకోం. కాదనే వీలు లేని చోట అన్న అవును అంగీకారం కాదు. దొర కాగితం మీద వేలిముద్ర వేయించుకున్న రోజులు మన తాతలకు తెలుసు. అప్పుడు వేలు, ఇప్పుడు టిక్.

మేం నియమాలకు వ్యతిరేకులం కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మనం నోరు తెరవగానే "ఏజెన్సీ పిల్లలకు క్రమశిక్షణ ఉండదు" అనేవాళ్లు సిద్ధంగా ఉంటారు. మన ఊళ్లు నియమం మీదే నడిచాయి. కొత్తల పండుగ కానిదే కొత్త మామిడికాయ ముట్టని ఊళ్లు మనవి. చెట్టు నిండా కాయలున్నా పిల్లవాడు చెయ్యి చాపడు. అయితే ఆ నియమం పిల్లవాడికి ఎంతో ఊరి పెద్దకూ అంతే. పూజారి ముందు తిని, మిగతావాళ్లను ఆగమనడు. రెండు వైపులనూ కట్టేదాన్నే మనం నియమం అంటాం. ఒక్క వైపునే కట్టేదాన్ని ఏమంటారో వెట్టి చేసినవాళ్లను అడగాలి.

ఆన్‌లైన్ కోర్సు నియమావళి మీద మా అభ్యంతరం ఇదే. విద్యార్థి చేయాల్సినవి పది వరసలు ఉంటాయి. కాలేజీ ఇవ్వాల్సింది ఒక్క వరసలోనైనా ఉండదు.

ఇది కరోనా నాటి కథ కదా, ఇప్పుడెందుకు అని కొందరు అడుగుతారు. 2020 మార్చిలో కాలేజీలు మూతపడినప్పుడు ఆన్‌లైన్ చదువు మన ఊళ్లలోకి ఒక్కసారిగా వచ్చిన మాట నిజం. కానీ అది అంతకుముందే మొదలైంది, ఆ తర్వాతా పోలేదు. కేంద్ర ప్రభుత్వం 'స్వయం' వేదికను 2017 జూలైలో ప్రారంభించింది. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం వరకు స్వయం ద్వారా చదవవచ్చని 2016 నిబంధనల్లో ఉన్నదాన్ని యూజీసీ 2021లో 40 శాతానికి పెంచింది. అంటే ఐదు కోర్సుల్లో రెండు తెర మీదే చదివించే వీలుంది. లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీకి ఇది చాలా సులువైన దారి. మనిషిని వేయనక్కర్లేదు, లింకు పంపితే చాలు. ఆ లింకుతోపాటు పాత నియమావళే వస్తుంది. కాబట్టి ఇది గడిచిన కథ కాదు. ఈ ఏడాది డిగ్రీలో చేరే మన తమ్ముళ్ల, చెల్లెళ్ల కథ.

ఆ నియమాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, "ఇంటర్నెట్ విద్యార్థి బాధ్యత." జాతీయ నమూనా సర్వే 75వ విడత 2017-18లో జరిగింది. దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం అని అది తేల్చింది. ఇది రోడ్డు పక్క పల్లె, కొండ మీది గూడెం అన్నీ కలిపిన లెక్క. మూడేళ్లు తిరగకుండానే చదువంతా నెట్ మీదికి ఎక్కించారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, టవర్ లేని ఊరికి ముందు నియమావళి వచ్చింది.

టవర్ లేదన్నది మేం కల్పించిన సాకు కాదు, ప్రభుత్వమే ఒప్పుకున్న సంగతి. ఆంధ్రప్రదేశ్‌తో సహా 5 రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో మొబైల్ సేవ అందని 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం 2021 నవంబరులో నిర్ణయించింది. 2022 జూలైలో దేశమంతటా 24,680 గ్రామాలకు 4జీ ఇచ్చే పథకానికి ఆమోదం తెలిపింది. అంటే ఢిల్లీలో మంత్రివర్గం "ఈ ఊళ్లలో సిగ్నల్ లేదు" అని రాసుకుంటున్న కాలంలోనే, కాలేజీలో "సిగ్నల్ లేదంటే వినం" అని రాస్తున్నారు. ఒకే ప్రభుత్వపు రెండు చేతులు ఇవి. మారుమూల ప్రాంతాలకు ఫోను అందించడానికంటూ టెలికాం కంపెనీల ఆదాయం నుంచి 5 శాతం వసూలు చేసే నిధి 2002 నుంచీ ఉంది. మన రీఛార్జి డబ్బు కూడా అందులో కలిసిందే. సిగ్నల్ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని చట్టమే చెబుతుంటే, అది లేకపోవడం విద్యార్థి తప్పు ఎలా అవుతుంది?

రెండోది, "కెమెరా ఆన్‌లో ఉండాలి, వెనక ఎవరూ కదలకూడదు." ఇది రాసినవాళ్ల ఇంట్లో ఎన్ని గదులున్నాయో మాకు తెలియదు. మన ఇంట్లో ఒకటే గది. అందులోనే పొయ్యి, అందులోనే ధాన్యం, వానాకాలంలో మేకపిల్లలూ అందులోనే. వెనక అమ్మ కదలకుండా ఎలా ఉంటుంది? క్లాసు అయ్యేదాకా వంట ఆపాలా? తలుపు దగ్గర కూర్చుంటే వెలుతురు వస్తుంది గానీ సిగ్నల్ రాదు. సిగ్నల్ ఉన్న గుట్ట మీద కూర్చుంటే గాలి హోరు, ఆవుల గంటలు. తోటి విద్యార్థులు అది విని నవ్వితే మన పిల్ల మర్నాడు క్లాసుకే రాదు. హాజరు పట్టికలో మాత్రం "గైర్హాజరు" అని పడుతుంది. నవ్వినట్టు ఎక్కడా రాసి ఉండదు. పైగా కెమెరా ఆన్‌లో ఉంటే డేటా ఇంకా ఎక్కువ లాగుతుంది. ఆ డేటా కూలి డబ్బుతో కొన్నది.

పరీక్షల్లో ఇంకో అడుగు ముందుకు వేశారు. ముఖం చూసి, కన్ను ఎటు కదిలిందో చూసి, కాపీ కొడుతున్నారో లేదో సాఫ్ట్‌వేరే చెబుతుందట. యంత్రానికి పక్షపాతం ఉండదనే నమ్మకం ఒకటి ఉంది. 2018లో జాయ్ బులంవీనీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు, ముఖం చూసి ఆడా మగా చెప్పే వాణిజ్య సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పులు 1 శాతం కూడా లేవు. నల్లని చర్మం ఉన్న స్త్రీల విషయంలో ఒక సాఫ్ట్‌వేర్ తప్పు 34.7 శాతం దాకా వెళ్లింది. అది పరీక్షల కాపలా సాఫ్ట్‌వేర్ కాదు, నిజమే. కానీ నల్లని ముఖాన్ని, మసక దీపాన్ని యంత్రం ఎంత నిజాయితీగా చూస్తుందో అడిగే హక్కు మాత్రం దానివల్ల మనకు వచ్చింది. చీకటి గదిలో కూర్చున్న మన చెల్లెల్ని "అనుమానాస్పదం" అని యంత్రం గుర్తు పెడితే, ఆమె ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకోవాలి? నియమావళిలో ఆ వరస లేదు.

మూడోది హాజరు. 75 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు అన్నదొక్కటే కాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా దానికే ముడిపడి ఉంది. సిగ్నల్ పోతే హాజరు పోతుంది. హాజరు పోతే ఫీజు పోతుంది. ఫీజు పోతే కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వదు. ఒక టవర్ మూడు రోజులు పనిచేయకపోతే ఒక అమ్మాయి చదువు ఆగిపోవచ్చు. హాజరు నిబంధన రాతి మీద చెక్కింది, కదపలేం అంటారు. కదిపారు! లాక్‌డౌన్ కాలమంతా విద్యార్థులు హాజరైనట్టే లెక్కించవచ్చని యూజీసీయే 2020 ఏప్రిల్ 29 మార్గదర్శకాల్లో చెప్పింది. దేశమంతా ఇంట్లో ఉన్నప్పుడు నియమం వంగింది. కొండవాగు పొంగి మన ఊరు మాత్రమే తెగిపోయినప్పుడు ఎందుకు వంగదు?

నాలుగోది గడువు. రాత్రి 11:59 అన్న అంకె మన రోజును చూసి పెట్టింది కాదు. ఆ వేళకు మగపిల్లవాడైతే టార్చి పట్టుకుని గుట్ట ఎక్కుతాడు. ఆడపిల్ల ఎలా ఎక్కుతుంది? పాము, ఎలుగు సంగతి అటుంచి, మనుషుల భయం లేదా? కాబట్టి ఒకే గడువు ఇద్దరికీ ఒకటి కాదు. సంవత్సరం లెక్కా అంతే. మార్చి, ఏప్రిల్ ఇప్పపువ్వు ఏరే కాలం. ఏప్రిల్, మేలలో తునికాకు కోత. పాడేరు, అరకు వైపు నవంబరు నుంచి కాఫీ పండు కోత. ఏడాదికి సరిపడా నగదు చేతికి వచ్చేది ఈ కొద్ది వారాల్లోనే, సెమిస్టర్ చివరి అసైన్‌మెంట్లు వచ్చి పడేదీ ఈ వారాల్లోనే. ఇంటి కూలిలో చెయ్యి వేయకుండా చదువుకోమని చెప్పడం సులువు. ఆ ఇంట్లో పుట్టి అలా చేయడం సులువు కాదు. సంక్రాంతికి, దసరాకు సెలవులున్న విద్యా క్యాలెండర్‌లో తునికాకుకు ఒక్క వారం గడువు పొడిగింపు లేకపోవడం ప్రకృతి నియమం కాదు. ఎవరో కూర్చుని రాసిన నియమమే, తిరగరాయవచ్చు.

ఐదోది "చర్చలో పాల్గొనాలి." స్వయం కోర్సును నాలుగు భాగాలుగా కట్టారు: వీడియో పాఠం, చదివే సామగ్రి, స్వీయ పరీక్షలు, సందేహాలు అడిగే చర్చావేదిక. మూడు భాగాలు మన దగ్గరికి వస్తాయి, నాలుగోదానికి మనం నోరు తెరవాలి. ఏ భాషలో? ఇంట్లో కువి, కోయ, గోండి, కొలామి, సవర. బడిలో తెలుగు. డిగ్రీకి వచ్చేసరికి, ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి, ఇంగ్లీషు. మూడో భాషలో నాలుగు వాక్యాలు రాయడానికి రెండు గంటలు పట్టే పిల్ల, ఆ రెండు గంటలూ పాఠం మీద పెట్టి చర్చలో మౌనంగా ఉంటుంది. "పాల్గొనలేదు" అని మార్కులు తీస్తారు. మౌనంగా ఉన్నవాళ్లకు ఏమీ తెలియదనుకోవడం మనల్ని చూసి బయటివాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పొరపాటే. అది ఇప్పుడు మార్కుల పట్టిక ఎక్కింది.

ఆరోది "కాపీ కొట్టకూడదు." ఈ నియమానికి మేం పూర్తిగా ఒప్పుకుంటాం. ఇంకొకరు రాసింది మనదని చెప్పుకోవడం దొంగతనం. మన యువకుల్లో కొందరు వాట్సాప్‌లో తిరిగే జవాబులు అతికించి పంపుతున్నారు, అది ఆపాలి. అలా తెచ్చుకున్న పట్టా ఇంటర్వ్యూ గదిలో మొదటి ప్రశ్నకే చిరుగుతుంది. కానీ ఈ నియమం చెప్పేవాళ్లను ఒక మాట అడగాలి. మన గూడేల్లోకి వచ్చి పాట రాసుకుని, మందుమొక్క పేరు రాసుకుని, చెప్పిన ముసలమ్మ పేరు ఎక్కడా రాయకుండా పట్టాలు తెచ్చుకున్నవాళ్ల మీద ఈ నియమం ఎప్పుడు పెట్టారు? నిజాయితీ పాఠం అందరికీ చెప్పండి. మేం ముందు వరసలో కూర్చుని వింటాం.

"ఇవన్నీ సడలిస్తే ప్రమాణం పడిపోతుంది" అనేది అవతలివాళ్ల పెద్ద వాదన. మేం అడుగుతున్నది సులువు ప్రశ్నపత్రం కాదు, జాలి మార్కులు అంతకంటే కాదు. అసైన్‌మెంట్‌లో ఏం రాశాడన్నది ప్రమాణం. అది 11:58కి చేరిందా, మర్నాడు సంతకు వచ్చి పంపాడా అన్నది ఏ సబ్జెక్టులో ప్రమాణం? చరిత్రలోనా, వృక్షశాస్త్రంలోనా?

విద్యార్థి ఉన్న చోటుకు చదువు దిగిరావడం మన నేలకు కొత్త కాదు. కొమురం భీం పోరాటం తర్వాత, 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అక్కడ హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండి భాషలోనే వాచకాలు తయారయ్యాయి. పిల్లలు ముందు హైదరాబాద్ భాష నేర్చుకుని రండి అనలేదు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో పుట్టింది, ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. రోజూ కాలేజీకి రాలేనివాడే మా విద్యార్థి అని అది మొదటే అనుకుంది. అందుకే తెలుగులో అచ్చు పుస్తకాలు, దగ్గరలో అధ్యయన కేంద్రం, కూలీనాలీ చేసుకునేవాళ్లకు వీలుగా ఆదివారం తరగతులు ఏర్పాటు చేసింది. 2017లో వచ్చిన 'స్వయంప్రభ' టీవీ చానళ్లలో కూడా రోజుకు నాలుగు గంటల కొత్త పాఠాన్ని అదే రోజు మరో ఐదుసార్లు తిరిగి వేసేలా ప్రణాళిక వేశారు, ఎవరికి వీలైన వేళ వారు చూడాలని. అంటే తెలియక కాదు. విద్యార్థికి తీరిక ఎప్పుడో ఆలోచించడం ఈ దేశానికి వచ్చు. ఆ ఆలోచన నియమావళి రాసే బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతోంది.

న్యాయస్థానాలు కూడా మనవైపు మాట చెప్పాయి. హాస్టల్‌లో ఫోన్ వాడకం మీద ఆంక్షను ప్రశ్నించిన ఫహీమా షిరిన్ కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. ఆన్‌లైన్ పాఠాలు చెప్పే పాఠశాలలు పేద పిల్లలకు పరికరాలు, ఇంటర్నెట్ కూడా సమకూర్చాలని ఢిల్లీ హైకోర్టు 2020 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ తీర్పులు ఆ రాష్ట్రాలవే కావచ్చు. న్యాయం మాత్రం గోదావరి దగ్గర ఆగిపోయేది కాదు. పాఠం అందుకునే సాధనం లేకుండా పాఠం చెప్పామనడం, చేతులు కట్టి అన్నం వడ్డించడమే.

అందుకే విద్యార్థుల నియమావళి పక్కన ఇంకో నియమావళి ఉండాలి. "కాలేజీ నుంచి మేం ఆశించేవి" అని దానికి పేరు పెడదాం.

1. కోర్సు మొదలవక ముందే ప్రతి విద్యార్థిని అడగాలి: ఊళ్లో సిగ్నల్ ఉందా, ఫోన్ సొంతమా, ఇంట్లో ఎంతమంది వాడతారు? ఆ జవాబులు చూశాకే నియమాలు రాయాలి.

2. గడువు ఒక నిమిషం కాదు, ఒక వారం. ఆ వారంలో కనీసం ఒక సంత రోజు ఉండాలి.

3. కెమెరా విద్యార్థి ఇష్టం. ప్రతి వీడియోకూ తక్కువ డేటాతో దిగే ఆడియో, తెలుగులో అచ్చు నోట్సు ఉండాలి.

4. హాజరును లాగిన్‌తో కాదు, చేసిన పనితో లెక్కించాలి. టవర్, కరెంటు, వాగు కారణంగా పోయిన రోజుల్ని లెక్కలోంచి తీయాలి. వాటివల్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపకూడదు.

5. ఆశ్రమ పాఠశాలల్లో, గిరిజన హాస్టళ్లలో, గ్రామ సచివాలయాల్లో, పంచాయతీ భవనాల్లో నెట్, కంప్యూటర్ ఉన్న ఒక గదిని సాయంత్రాలు డిగ్రీ విద్యార్థులకు తెరవాలి. ఆడపిల్లలకు భద్రత ఉండాలి.

6. స్వయం కోర్సుల్లో ఎక్కువ మార్కులు చివరి పరీక్షవే. ఆ పరీక్ష కేంద్రాలు ఏజెన్సీలోనే పెట్టాలి. మైదానం పట్టణానికి వెళ్లి ఒక రాత్రి ఉండి రాయాల్సి వస్తే ఆ ఖర్చు ఇవ్వాలి.

7. యంత్రం అనుమానించిన ఏ విద్యార్థినైనా మనిషి విచారించాకే శిక్షించాలి. ఫిర్యాదుకు ఒక పేరు, ఒక ఫోన్ నంబరు, జవాబుకు ఒక గడువు ఉండాలి. ఆ గడువు దాటితే వాళ్లకూ మార్కులు తగ్గాలి!

వీటిలో సగం పనులకు ఏ జీవో అక్కర్లేదు. అందుకే మన ఉపాధ్యాయులతో ఒక మాట. మీలో చాలామంది గెస్టు లెక్చరర్లు, మీ ఉద్యోగమే దినదినగండం అని మాకు తెలుసు. అయినా పాఠాన్ని పది నిమిషాల ఆడియోగా పంపడం మీ చేతిలో ఉంది. మార్కు కోసే ముందు ఒక్క ఫోన్ చేయడం మీ చేతిలో ఉంది. ఒక సందేహాన్ని కోయలోనో గోండిలోనో అడగనివ్వడం మీ చేతిలో ఉంది. ఆ ఒక్క ఫోన్‌తో ఆగిపోబోయిన చదువు నిలబడవచ్చు.

చివరిగా మన యువతకు. ఫోన్ చేతిలో ఉన్న రెండు గంటల్లో రీల్స్‌కు ఎంత, పాఠానికి ఎంత అన్న లెక్క మనమే చూసుకోవాలి. ఆ లెక్క సరిగా లేకపోతే మన కోరికలకు బలం ఉండదు. నెట్ పోయిన ప్రతిసారీ తేదీ, గంట ఒక నోటుపుస్తకంలో రాయండి. ఊళ్లో నలుగురు విద్యార్థులుంటే నలుగురి లెక్కా కలపండి. గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. మన ఊరికి ఏం కావాలో గ్రామసభ చెప్పవచ్చని 1996 పీసా చట్టం గుర్తించింది. చదువుకు సిగ్నల్ కావాలన్నది అందులో మొదటి వరసలో ఉండదగ్గ మాట. ఆ తీర్మానాన్ని ఐటీడీఏకు ఇవ్వండి, ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఒక్కడు చెబితే సాకు అంటారు. ఊరు చెబితే దరఖాస్తు అంటారు. పది ఊళ్లు చెబితే అది సమస్య అవుతుంది.

గడిలో టిక్ పెట్టక తప్పదు, పెట్టండి. చదువు వదులుకోవద్దు. కానీ పెట్టిన రోజే మన నియమావళిని కూడా రాసి వాళ్ల బల్ల మీద పెట్టండి. చదివి, అంగీకరించాల్సిన వంతు ఇప్పుడు వాళ్లది.